సూదికి లక్క సీలు

మా సంస్థలో విమానాలు ఎగరడం ఆగిపోయిన ఏడాదే మాకు రాష్ట్రస్థాయి ఉత్తమ విమాన సంస్థ పురస్కారం వచ్చింది. ఈ రెంటికీ ఏం సంబంధమని ఆశ్చర్యపోయేవాళ్ళు అదృష్టవంతులు. వాళ్ళెప్పుడూ ఏ సంస్థలోనూ పనిచేసి ఉండరు.

మాది నమూనా విమానాల శిక్షణ సంస్థ. పాలమూరు వైపు రేకులగడ్డ అనే ఊరి బయట, నిజాం కాలంలో వేసి మరిచిపోయిన చిన్న రన్‌వే ఒకటుంది. దాని చుట్టూ ఆముదం చేలు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమంటారు. మా ఊళ్ళో అది సామెత కాదు, భూగోళశాస్త్రం. ఆ రన్‌వే మీద కాలేజీ పిల్లలకు చిన్న విమానాలు తయారుచేయడం, ఎగరేయడం నేర్పుతాం. విమానమంటే బారెడు రెక్కలు, తేలికపాటి చెక్కతో చేసిన ఒళ్ళు, ముక్కు మీద జామకాయంత ఇంజను. నేల మీద నిలబడి రిమోటుతో ఆడించాలి. నేను అక్కడ చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ని. చీఫ్ అంటే నా కింద ఇంకో ఇన్‌స్ట్రక్టర్ లేడని అర్థం.

ఇంజను గురించి రెండు ముక్కలు తెలిస్తే ఈ కథకు చాలు. అది తాగేది పెట్రోలు కాదు. మిథనాల్ అనే ఒక రకం స్పిరిటు, అందులో ఆముదం, పైన కాస్త నైట్రో. స్పిరిటు మండుతుంది. ఆముదం లోపలి లోహం అరిగిపోకుండా కాపాడుతుంది. నైట్రో ఇంజన్ని తొందరగా లేపి, నిలకడగా నడిపిస్తుంది. నైట్రో లేకపోతే కొంప మునిగేదేమీ లేదు, పోటీల్లో ఎంతోమంది అది లేకుండానే ఎగరేస్తారు. కాకపోతే వేడి ఎక్కువసేపు నిలుపుకునే ప్లగ్గు ఉండాలి, అది మా ఇంజన్లకు ముందే ఉంది. ఇక సూదిని ఓ పావు చుట్టు బిగించుకోవాలి. సూది అంటే ఇంధనం లోపలికి వెళ్ళే దారిలో ఉండే మర. వదిలితే ఇంధనం ఎక్కువ పోతుంది, బిగిస్తే తక్కువ పోతుంది. ఇంట్లో గ్యాసు పొయ్యి తిప్పడం వచ్చినవాళ్ళకు ఇదీ వచ్చినట్టే.

పావు చుట్టు. మా సంస్థ ఏడాదిపాటు దాటలేకపోయిన దూరం అదే.

మా డైరెక్టరు పరాంకుశంగారు మంచివారు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, సదస్సులు. ఆ ఏడు వేసవిలో ఒక రిసార్టులో జరిగిన సదస్సుకు వెళ్ళి, భుజాన గుడ్డసంచీతో తిరిగొచ్చారు. సంచీ మీద ఆకుపచ్చ అక్షరాలతో ‘నైట్రో రహిత నింగి’ అని రాసి ఉంది. అక్కడ ఎవరో నిపుణుడు మధ్యాహ్న భోజనం తర్వాత దాని మీద మాట్లాడాడట. భోజనం తర్వాత విన్న మాటలు మనిషిలో లోతుగా నాటుకుంటాయి. అడ్డుపడాల్సిన బుర్ర ఆ వేళప్పుడు నిద్రలో ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే అందరినీ వరండాలో నిలబెట్టి, ఇక మీదట మన ఆవరణలో చుక్క నైట్రో కూడా వాడకూడదని, రాష్ట్రంలో మొట్టమొదటి నైట్రో రహిత సంస్థగా మనం చరిత్రకెక్కబోతున్నామని ప్రకటించారు. దానికొక ప్రతిజ్ఞ కూడా రాసుకొచ్చారు. రోజూ పొద్దున చెయ్యి చాచి అందరం చదివేవాళ్ళం. మా క్యాంటీన్ వంటావిడ అనసూయమ్మ కూడా తాను పప్పులో గాని, చారులో గాని నైట్రో వేయనని, వేయనివ్వనని ప్రమాణం చేసి, ఆ మాట చచ్చేదాకా నిలబెట్టుకుంటానని నాతో విడిగా చెప్పింది.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే వేసింది. నాకంటే ఎక్కువ సంతోషించింది నవనీత. డిగ్రీ చదువుతున్న పిల్ల. రన్‌వే పక్కనున్న ఆముదం చేలల్లో రెండెకరాలు వాళ్ళ నాయనవి. ఒక విమానం కష్టపడి చేసుకుని, మొదటి రోజే నేలకు గుద్ది, ముక్కలన్నీ ఏరుకుపోయి, మళ్ళీ కొత్తది చేసుకొచ్చిన మొండిఘటం. జాతీయ పోటీలకు జూనియర్ల జట్టులో వెళ్ళాలని ఆమె పంతం. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. అంటే ఈసారి ఎంపికల రోజున ఆ విమానం ఐదు నిమిషాలు గాలిలో ఉండి క్షేమంగా దిగాలి, లేకపోతే ఆ కోరికను అటక మీద పెట్టేయాలి.

“మంచిగయింది సార్,” అంది నవనీత. “పెద్ద పోటీలల్ల అందరు గదే పోస్తరంట. ఇప్పటిసంది అలవాటైతది. సూది పావు చుట్టు బిగిస్తే అయిపాయె.”

అయిపోయేదే. మధ్యలో గుండప్పగారు లేకపోతే.

గుండప్పగారు మా స్టోర్సు ఆఫీసరు. ఇంజన్లన్నీ సంస్థవే కాబట్టి వాటికి కర్తా భర్తా ఆయనే. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇంజన్లు ఇవ్వడం, తిరిగి తీసుకుని తుడిచి పెట్టడం చేస్తున్నారు. స్టోరు గది తలుపు దాటి మైదానం వైపు వచ్చిన మనిషి కాదు. ఆయనకు లోకంలో నమ్మకమున్నది లక్క సీలు ఒక్కదాని మీదే. తాళం వేసిన బీరువాకు పైన సీలు వేసేవారు. ఒకసారి సీలు దాచే డబ్బాకే సీలు వేసి, అది తెరవడానికి అనుమతి వచ్చేదాకా వారం రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

నైట్రో రహితం సంగతి విని ఆయన డైరెక్టరుగారికి ఒక్క సందేహం చెప్పారు. ఇంధనం మారుస్తున్నాం సరే, పిల్లలు ఇంజన్లను కూడా ఇష్టమొచ్చినట్టు తిప్పుతుంటే రేపు జవాబు ఎవరు చెప్పాలి? పరాంకుశంగారికి ఈ మాట గట్టిగా పట్టేసింది. ఆయన గొంతు సవరించుకుని, సదస్సులో మాట్లాడినట్టే మాట్లాడారు.

“శాస్త్రీయ దృక్పథం ప్రకారం ఒకానొక సమయంలో ఒకే ఒక అంశం మార్పునకు లోను కావలెను. ఇంధనమూ మారి, సూదీ మారినచో, సంప్రాప్తించిన ఫలితం దేని మూలమున సంప్రాప్తించినదో ఆడిట్ వారికి ఎవరు విశదీకరిస్తారు? కావున ఇంధనం మారును. సూది మారదు.”

సూది మారకపోతే ఇంజను నడవదండీ అన్నాను. అది ఫలితాల దశలో తేలవలసిన విషయమని, ఇప్పుడు మనం ఇంకా విధాన దశలోనే ఉన్నామని ఆయన నన్ను మందలించారు.

ఆ సాయంత్రం సీలు వేసే కార్యక్రమం జరిగింది. గుండప్పగారు కొవ్వొత్తి వెలిగించి, ఇంజన్లన్నీ బల్ల మీద వరుసగా పెట్టి, ఒక్కొక్క ఇంజనుకూ సూది నుంచి తల మీది మరల దాకా దారం కట్టి, ముడి మీద ఎర్ర లక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్ర ఒత్తారు. పెళ్ళిలో తలంబ్రాలు పోసినంత శ్రద్ధగా చేశారు. స్పిరిటు డబ్బాలను మాత్రం నేను గదిలోంచి తీయించేశాను. మిథనాల్ మంట పగలు కంటికి కనబడదు, ఆయనేమో కనబడనిదాన్ని నమ్మరు.

మరునాడు నేను పావు చుట్టు కోసం ఫైలు పెట్టాను. పదిరోజులకు తిరిగొచ్చింది. పావు చుట్టు ఏ దిశలో అని అడిగారు. కుడి దిశలో అని రాశాను. కుడి దిశనే ఎందుకు ఎంచుకున్నారు, నిబంధనల ప్రకారం కనీసం మూడు ప్రత్యామ్నాయాలు పరిశీలించాలి కదా, తులనాత్మక పట్టిక జతచేయండి అని వచ్చింది. మర తిరిగేది రెండు దిక్కులకే. మూడో దిక్కు ఎక్కడి నుంచి తేను? ఫైలు అక్కడే ఆగిపోయింది. ఇప్పటికీ ఆ మూడో దిక్కు కోసమే ఎదురుచూస్తోంది.

నైట్రో లేని ఇంధనానికి మొదటి పరీక్ష ఓ కమిటీ ముందు పెట్టారు. కమిటీ అంటే డైరెక్టరుగారు, గుండప్పగారు, పక్క శాఖ నుంచి అరువు తెచ్చుకున్న ఇద్దరు అధికారులు. అందరూ ఇస్త్రీ తెల్లచొక్కాలతో వచ్చి ఇంజనుకు ఎదురుగా నిలబడ్డారు. పక్కకు నిలబడండని చెప్పాను, కమిటీ ఎదుట నుంచే పరిశీలించాలట. ప్లగ్గుకు కరెంటు తగిలించి ఇంజను ముందున్న పంకా తిప్పాను. సూది నైట్రో ఇంధనానికి సరిపోయేంత వదులుగా ఉండిపోయింది కాబట్టి లోపలికి తిండి ఎక్కువై, ఇంజను అజీర్తి చేసిన పెళ్ళికొడుకులా నాలుగుసార్లు తేన్చి, గొట్టంలోంచి ఆముదమంతా కమిటీ చొక్కాల మీద కక్కి, చల్లబడిపోయింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అదే తంతు. వేళ్ళు వాచేదాకా తిప్పి చేతులెత్తేశాను.

పని చెడిందనుకున్నాను. చెడిపోయే పని మా సంస్థలో ఏదీ ఉండదని నాకప్పటికి పూర్తిగా తెలియదు. వారం తిరిగేసరికి కమిటీ నివేదిక వచ్చింది. పరీక్ష సాగినంతసేపూ ఇంజను నుంచి పొగ శూన్యమని, శబ్దం శూన్యమని, ఇంధన వ్యయం అత్యల్పమని, నైట్రో వాడిన కాలంలో ఈ మూడూ అధికంగా ఉండేవని అందులో రాశారు. ఆముదం మరకలను ‘స్వదేశీ కందెన యొక్క విస్తృత వ్యాప్తి’ అన్నారు. నివేదిక చదివి నేను కూడా ఒక్క క్షణం గర్వపడ్డాను.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఇంధనంలో నైట్రో లేదని రుజువేమిటని పై ఆఫీసు అడిగింది. మాకు ల్యాబు లేదు. పరాంకుశంగారు రెండురోజులు ఆలోచించి, తర్కంతో ల్యాబు లోటు తీర్చారు. నైట్రో ఉంటే ఇంజను సులభంగా లేస్తుందని చీఫ్ ఇన్‌స్ట్రక్టరే చెప్పాడు కదా. కాబట్టి ఇంజను లేస్తే నైట్రో ఉన్నట్టు. లేవకపోతే లేనట్టు. పరికరం అక్కర్లేదు, రసాయనం అక్కర్లేదు. అలా మా సంస్థలో ఇంజను నడవకపోవడమే స్వచ్ఛతకు అధికారిక పరీక్ష అయింది. రోజూ పొద్దున ప్రతిజ్ఞ తర్వాత ఇంజన్లన్నిటినీ వరుసగా తిప్పేవాళ్ళం. ఒక్కటీ లేవకపోతే గుండప్పగారు తృప్తిగా తల ఊపి, స్వచ్ఛత పట్టికలో టిక్కులు పెట్టేవారు.

పేరు పాకింది. పక్క రాష్ట్రాల నుంచి బృందాలు రావడం మొదలైంది. వాళ్ళకు నేను ఇంజను నడవకపోవడం చూపించేవాణ్ణి. చాలా శ్రద్ధగా రాసుకునేవాళ్ళు. ఒకాయన వెనక వరుసలో ఉండి సరిగా కనబడలేదని, ఇంకోసారి నడపకుండా చూపించమని అడిగి మరీ చూసి వెళ్ళాడు.

ఇదంతా నాకు నవ్వులాటగానే ఉండేది, నవనీత ముఖం చూసినప్పుడు తప్ప. ఎంపికల రోజు దగ్గరపడుతోంది. ఆ పిల్ల విమానానికి పసుపు రంగు వేసి, రెక్కల మీద కాగితం బిగించి, అన్నీ సిద్ధం చేసుకుని, సీలు వేసిన ఇంజన్ని చూస్తూ కూర్చునేది. నాకు కోపం వచ్చేది. కోపం వచ్చినప్పుడల్లా ఫైలుకు ఒక రిమైండరు పెట్టేవాణ్ణి. నా కోపానికి ఉద్యోగం నేర్పిన దారి అదొక్కటే.

ఒకరోజు షెడ్డు వెనక నుంచి చాలా నెలలుగా వినని శబ్దం వినబడింది. పరుగెత్తాను. నవనీత విమానం పంకా కనబడనంత జోరుగా తిరుగుతోంది, ఆముదం కాలిన కమ్మటి వాసన. సీలు చెక్కుచెదరలేదు. ఏం చేశావే అన్నాను.

“టాంకు జర్ర కిందికి దింపిన సార్. అడుగున ఉన్న చెప్పు రబ్బరు తీసేసిన, అంతే. ఇప్పుడు ఇంధనం మీదికి ఎక్కాలె కద, తక్కువ పోతది,” అంది. “సూదికి సీలేసిండ్రు గాని, భూమికెయ్యలె గద?”

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కాని నాకంటే ముందే శబ్దం డైరెక్టరుగారి చెవిన పడింది. ఆయన వెనక గుండప్పగారు, ఆ వెనక చేతులు తుడుచుకుంటూ అనసూయమ్మ. ప్రతిజ్ఞ తప్పింది ఎవరా అని ఆమె కళ్ళు వెతుకుతున్నాయి.

విచారణ అప్పటికప్పుడే జరిగింది. ఇంజను నడిచింది కాబట్టి నైట్రో ఉంది. ఆ టాంకులోని ఇంధనాన్నే తీసి స్టోరులోని మరో ఇంజన్లో పోసి తిప్పారు. అది లేవలేదు కాబట్టి నైట్రో లేదు. ఒకే ఇంధనం ఒకే పూట దోషీ అయింది, నిర్దోషీ అయింది. మామూలు మనుషులైతే ఇక్కడ పరీక్షను అనుమానించేవాళ్ళు. కమిటీ అంత తొందరపడలేదు. ఇంధనం నిర్దోషి అని, ఇంజను మాత్రం అనుమానాస్పదంగా నడుస్తోందని తేల్చి, టాంకును మళ్ళీ పాత ఎత్తుకు లేపించి, దానికీ సీలు వేయించింది. ముందు జాగ్రత్తగా పంకాను కూడా ఫైళ్ళు కట్టే నాడాతో కట్టేశారు. ముందస్తు అనుమతి లేకుండా మరోసారి ఇంజను నడిచినట్లయితే ఎంపికల నుంచి పేరు తొలగిస్తామని నవనీతకు మెమో ఇచ్చారు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ పిల్ల మెమో మడిచి పట్టుకుని డైరెక్టరుగారి ఎదుట నిలబడింది.

“సార్, ఇంజను నడువకుంటె నేను సెలక్ట్ గాను. నడిస్తె మీరు పేరు తీసేస్తరు. మరి నేను ఏం జెయ్యాలె?”

“రెంటి నడుమ సమతుల్యాన్ని సాధించాలమ్మా,” అన్నారు పరాంకుశంగారు, ఎంతో ప్రేమగా.

ఆమె ఏడవలేదు. బయటికొచ్చి షెడ్డు గోడకు ఒక్క తన్ను తన్నింది. కాలు వాచింది.

ఆ తర్వాతే పురస్కారం కబురొచ్చింది. రాజధాని నుంచి పెద్ద సారు స్వయంగా వచ్చి ఇస్తారట. జనం నిండుగా కనబడాలని డైరెక్టరుగారు సభను ఎంపికల రోజునే పెట్టించారు. మైదానంలో ఒకవైపు షామియానా, వేదిక, పూలదండలు. మరోవైపు బల్లల మీద సీళ్ళు వేసిన విమానాలు. ఎంపిక చేయడానికి జాతీయ సమాఖ్య తరఫున పుణె నుంచి ఖంబాటా అనే ముసలాయన వచ్చాడు. వైమానిక దళంలో పనిచేసి రిటైరైన మనిషి, తెల్ల మీసాలు, ముక్కు చివర కళ్ళద్దాలు. తెలుగు రాదు, కాబట్టి మా మెమోలేవీ ఆయన్ని తాకలేదు.

పిల్లలంతా వరుసగా నిలబడ్డారు. ముందుగా నవనీత విమానం దగ్గరికి వచ్చి ఖంబాటా ఆగాడు. ఇంజను మీది ఎర్ర లక్కను గోటితో గీకి, ఇదేమిటని హిందీలో అడిగాడు. గుండప్పగారు ముందుకొచ్చి, సీలు అని సగర్వంగా చెప్పారు. తీసేయండి అన్నాడాయన. ఎగరబోయే ప్రతి ఇంజన్నీ విప్పి, సిలిండరు కొలిచి చూడాలని సమాఖ్య రూలట. విప్పడానికి వీల్లేనిది పోటీలోనే ఉండదట.

గుండప్పగారు డైరెక్టరుగారి వైపు చూశారు. డైరెక్టరుగారు రాజధాని కార్లు వచ్చే దారి వైపు చూశారు. పెద్ద సారు వచ్చేసరికి పోటీయే లేకపోతే జనం ఉండరు. జనం లేకపోతే పురస్కారం ఎవరి ముందు? విప్పవచ్చును, కాని కొలత పిమ్మట తక్షణమే చివరిసారిగా ఆమోదించిన స్థితిలో తిరిగి సీలు వేయవలెనని పరాంకుశంగారు ఆజ్ఞాపించారు.

ఖంబాటా కత్తెరతో దారం తెంచాడు. ఆ చప్పుడుకు గుండప్పగారు కళ్ళు మూసుకున్నారు. ఇంజను విప్పి, సూది తీసి, గొట్టంలో ఊది చూసి, కొలతలు తీసి, అన్నీ గుడ్డ మీద పరిచి, సరే బిగించుకోండని అవతలి బల్లకు వెళ్ళిపోయాడు.

గుండప్పగారు కొవ్వొత్తి వెలిగించారు. గాలికి రెండుసార్లు ఆరిపోయింది, నేను టోపీ అడ్డం పెట్టాను. లక్క కరుగుతుండగా ఆయన ఫైలు తెరిచి, సూది ఆమోదిత స్థితి ఏమిటో చూడబోయారు. చూసి, పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పారు. ఫైల్లో ఇంతే ఉంది: ‘సూదిని ప్రస్తుతం ఉన్న స్థితిలోనే ఉంచి సీలు వేయడమైనది.’

ఎన్ని చుట్లు అన్నది ఎక్కడా లేదు. సీలు వేశాక స్థితి ఎక్కడికి పోతుందని ఎవరూ రాయలేదు. ఏడాదిపాటు ప్రాణంలా కాపాడిన రహస్యం తమకే తెలియదని వాళ్ళకు ఆ క్షణాన తెలిసింది.

“చీఫ్‌గారూ, మీకు గుర్తుండాలి కదా,” అన్నారు డైరెక్టరుగారు నాతో.

నాకు బాగా గుర్తుంది. రెండున్నర చుట్లు. ఆ రెండున్నర నా కలలోకి కూడా వచ్చేది. నవనీత నా వైపు చూడకుండా, గుడ్డ మీది సూదిని చూస్తూ నిలబడింది.

సూది వైపు కన్నెత్తి చూడకూడదన్నారు కాబట్టి నేను చూడలేదండీ అన్నాను. నా మొత్తం సర్వీసులో సంస్థకు పనికొచ్చే మాట నేను చెప్పింది అదొక్కటే.

“నాకు యాదికున్నది సార్,” అంది నవనీత. సూదిని దాని గొట్టంలో పెట్టి, చివరంటా బిగించి, నెమ్మదిగా వెనక్కి తిప్పింది. ఒకటి, రెండు. మూడో చుట్టు మొదలుపెట్టి సగం దాకా రాకుండానే, పావు దగ్గర వేళ్ళు తీసేసింది.

గుండప్పగారు వంగి సూదిని పరకాయించి చూశారు. “ఇదేనా బిడ్డా? పక్కానా?”

“పక్కా సార్. ఇక్కడనే ఉండాలె ఇది.”

లక్క పడింది. ఇత్తడి ముద్ర ఒత్తుకుంది. రూలు ప్రకారం అంతా సక్రమం.

అంతలో కార్లు వచ్చాయి. పెద్ద సారు వేదిక ఎక్కారు. డైరెక్టరుగారు మైకు అందుకుని, మన సంస్థలో గడచిన సంవత్సర కాలంలో ఒక్క ఇంజను సైతం, అని మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే నవనీత పంకా నాడా విప్పి, ప్లగ్గుకు కరెంటు తగిలించి, కర్రతో పంకాను ఒక్క తోపు తోసింది. రెండో తోపుకు ఇంజను గయ్యిమంది. మిగతా వాక్యం ఎవరికీ వినబడలేదు.

పసుపు విమానం రన్‌వే మీద పరుగెత్తి, తోక లేపి, ఆముదం చేల మీదుగా పైకి లేచింది. పిల్లలు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. చేలో పనిచేస్తున్నవాళ్ళు నడుములు నిలబెట్టి చూశారు. వాళ్ళలో నవనీత నాయన కూడా ఉన్నాడు. మనుషులు కడుపు కడుక్కోవడానికి తాగే ఆముదం విమానానికెందుకని ఏడాదిగా ఎగతాళి చేసిన మనిషి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. నా కళ్ళలో నీళ్ళు నిండాయి, దాచుకోలేదు. ఎలాగూ అందరూ ఆకాశం వైపే చూస్తున్నారు.

డైరెక్టరుగారు వేదిక దిగి గుండప్పగారి దగ్గరికి వచ్చి, ఇంజను నడుస్తోందని, అంటే పరీక్ష ప్రకారం నైట్రో ఉందని, వెంటనే దింపించి మెమో ఇవ్వాలని చెవిలో చెప్పారు. గుండప్పగారు విన్నారో లేదో తెలియదు. తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, విమానం ఎటు తిరిగితే అటు తిరుగుతున్నారు. ఆ మనిషి వాటిని అన్నేళ్ళుగా లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకున్నారు గాని, ఒక్కటంటే ఒక్కటి గాలిలో ఉండగా చూడలేదు. సన్నటి పొగ మా మీదికి దిగింది.

“గిట్ల ఎగురుతయా ఇవి?” అన్నారు నాతో, మెల్లగా.

డైరెక్టరుగారు మెమో మాట మళ్ళీ ఎత్తారు.

“దాని మీద నా సీలున్నది సార్,” అన్నారు గుండప్పగారు కళ్ళు దించకుండానే. “దానికి మెమో ఇస్తే నాకిచ్చినట్టె. నాకిస్తే సీలుకిచ్చినట్టె. సీలే తప్పయితె ఈ సంవత్సరమంత తప్పే గద సార్?”

పరాంకుశంగారు వెనక్కి తిరిగి చూశారు. వేదిక మీద పెద్ద సారు రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతున్నారు, పురస్కారం దీనికే కాబోలనుకున్నారాయన. డైరెక్టరుగారు తిరిగి మైకు దగ్గరికి వెళ్ళి, అలవాటైన గొంతుతో, మీరిప్పుడు తిలకిస్తున్నది సీలు చెదరని ఇంజను అని, ఇది మా సంస్థ దీర్ఘకాలిక పరిశోధనా ఫలితమని ప్రకటించారు. పసుపు విమానం ఐదు నిమిషాలు దాటాక దుమ్ము లేపకుండా దిగింది. ఖంబాటా గడియారం జేబులో పెట్టుకుని, నవనీత చేతిని గట్టిగా ఊపాడు.

మరుసటి వారం ఆదేశం వచ్చింది. ఇకపై ఇంజను నడిచినంత మాత్రాన దాన్ని దోషంగా పరిగణించరాదని, అయితే నడిచే ఇంజన్లన్నిటికీ కుమారి నవనీత సూది ఉన్న చోటనే సీలు వేయాలని అందులో ఉంది. ఈసారి ఎన్ని చుట్లో రాసుకున్నారు. అనసూయమ్మ ప్రతిజ్ఞ మాత్రం మానలేదు, ఇచ్చిన మాట మాటే అంటుంది. ఉత్తమ సంస్థ పురస్కారం ఆ తర్వాతి ఏడు మాకు రాలేదు. మరో జిల్లాలోని సంస్థకు వెళ్ళింది. వాళ్ళ దగ్గర విమానాలే లేవు.

జాతీయ పోటీలు ఉత్తరాదిలో, మంచి చలికాలంలో. చలిగాలికి సూదిని కాస్త వదలాలి, ఎండ ఎక్కేకొద్దీ మళ్ళీ బిగించాలి, పూటపూటకూ చూసుకోవాల్సిందే. సీలు రక్షణ నిమిత్తం స్టోర్సు ఆఫీసరు కూడా వెంట వెళ్ళాలని డైరెక్టరుగారు ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చారు. అంత దూరం వెళ్ళి, సూది తిప్పనివ్వకుండా ఈయన అడ్డం నిలబడితే ఆ పిల్ల గతేమిటి?

స్టేషనుకు వెళ్ళాను. నవనీత పెట్టెలో సర్దిన విమానాన్ని ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. గుండప్పగారు గోనెసంచీ ఒకటి ఆయాసంతో సీటు కిందికి తోస్తున్నారు. విప్పి చూస్తే నిండా ఎర్ర లక్క కడ్డీలు, కొవ్వొత్తి కట్టలు, దారపు ఉండలు. ఒక్క ఇంజనుకు ఇంత లక్క ఎందుకండీ అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

“దినాం తిప్పాలె గద సార్.”